డోరీన్ తుడిచిన గోడ

లియాన్‌కి కళ్లకన్నా ముక్కు మీద నమ్మకం ఎక్కువ. ఆల్బట్రాస్ లాడ్జి మెట్ల మీద కొత్త రంగు వాసన వేసిందంటే ఊరి కౌన్సిల్ వాళ్లెవరో తనిఖీకి వస్తున్నట్టే. మేనేజరు క్లైవ్ ముందురోజే గోడల మీది నల్లటి బూజుకి తెల్లరంగు పూసేస్తాడు. అధికారి గుమ్మంలో నిలబడి తలాడించి వెళ్లిపోతాడు. నాలుగు వానలు పడేసరికి ఆ రంగును చీల్చుకుని బూజు మళ్లీ బయటికొస్తుంది.

ఆ ఉత్తరాది సముద్రపుటూరిలోనే పుట్టి పెరిగింది లియాన్. వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని చేసేది. అద్దె ఇంటిని ఇంటాయన అమ్మేసుకున్నాక కౌన్సిల్ ఆమెనీ, ఆరేళ్ల కూతురు టిల్లీనీ ఈ లాడ్జిలో ఒక గదిలో పెట్టింది. 'కొద్దిరోజులే' అన్నారు. వేసవి పోయి చలికాలం వచ్చింది. బూజు గాలికి, ఊపిరి తీస్తే టిల్లీ ఛాతీలో ఈల మొదలైంది. గది వద్దని సొంతంగా వెళ్లిపోతే ఇక ఇల్లు చూపించే బాధ్యత కౌన్సిల్‌కి ఉండదు. ఆ సంగతి అక్కడ ఉన్న ప్రతి తల్లికీ తెలుసు. అందుకే, మాటల్లో పెట్టి గది ఖాళీ చేయిస్తారేమోనని, ఎవరు నవ్వుతూ పలకరించినా లియాన్ ఒక అడుగు వెనక్కి వేసేది.

చివరికి తెగించి టౌన్‌హాల్ సమావేశంలో లేచి నిలబడింది. "కాగితాల్లో కాదు, వచ్చి గోడ చూడండి" అంది. మార్గరీ హోల్ట్ అనే కౌన్సిలరు గురువారం వస్తానంది. గోడ కళ్లారా చూస్తే గది మార్పించి తీరతానని కూడా అంది. లియాన్ ఆ మాట తల్లి డోరీన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. క్లైవ్ చెవిన పడితే రంగు డబ్బా దిగుతుందని ఆమె భయం.

గురువారం పొద్దున మెట్ల మీద రంగు వాసన లేదు. లియాన్ మనసు కాస్త కుదుటపడింది. టిల్లీని బడిలో దింపి తిరిగొచ్చి తలుపు తీసింది. మంచం పక్క గోడ పాలతో కడిగినట్టు తెల్లగా ఉంది.

కిందకి పరుగెత్తింది. "నా గదిలోకి ఎందుకెళ్లావు క్లైవ్? తాళం నీ దగ్గరుందని ఎప్పుడుపడితే అప్పుడు దూరిపోతావా?"

క్లైవ్ టోస్టు నములుతూ చూశాడు. "పొద్దున్నే ఏం పట్టిందమ్మా నీకు? నేనెవరి గదికీ వెళ్లలేదు."

"గోడ ఎవరు కడిగారు మరి? దయ్యాలా?"

"చూడు తల్లీ, రంగు కొట్టానంటావా, సరే, ఒప్పుకుంటా. కడగడం మా ఇంటావంటా లేదు. మా ఆవిడని అడుగు."

లియాన్ ఆ మాట నమ్మలేదు. ఆమె పైకి వచ్చేసరికి డోరీన్ అప్పుడే వచ్చినట్టు గదిలో ఉంది. ఇంటి నుంచి తెచ్చిన పూల కప్పులు కిటికీ గట్టు మీద సర్దుతోంది. ముసలివాళ్ల కోసం కట్టిన ఒంటిగది ఇల్లు ఆమెది. అక్కడ పిల్లలు రాత్రుళ్లు ఉండకూడదు. లేకపోతే ఈ గొడవే లేదు.

"క్లైవ్ మన కొంప ముంచాడమ్మా. ఇప్పుడు ఆవిడకి ఏం చూపించను?"

డోరీన్ తల తిప్పకుండా ఇంకో కప్పు సర్దింది. "ముందు టీ అన్నా ఇద్దాం వచ్చినవాళ్లకి" అంది.

ఇందాకటి కంగారులో పట్టనిది అప్పుడు తగిలింది లియాన్ ముక్కుకి, నిమ్మకాయ వాసన వేసే బ్లీచింగ్. చిన్నప్పుడు ప్రతి శుక్రవారం వాళ్లింట్లో వేసిన వాసన. తల్లి చేతులకేసి చూసింది. మణికట్ల దాకా ఎర్రగా కంది ఉన్నాయి.

"నువ్వా అమ్మా?"

డోరీన్ నోరు తెరిచేలోపే తలుపు చప్పుడైంది. హోల్ట్ వచ్చింది. వెంట గృహవసతి విభాగం అధికారి ప్రెంటిస్, వాళ్ల వెనక చేతులు కట్టుకుని క్లైవ్. డోరీన్ గోడ తుడిచి, బిడ్డ ఆశ కూడా తుడిచేసిందనుకుంది లియాన్.

ప్రెంటిస్ చుట్టూ చూసి నవ్వాడు. "గది లక్షణంగా ఉందే! శుభ్రంగా పెట్టుకుంటే ఏ గదైనా బాగానే ఉంటుందమ్మా."

డోరీన్ టీ కెటిల్ ఠపీమని కింద పెట్టింది. ఆమె చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఎవరైనా చుట్టం వస్తున్నాడంటే ఆడవాళ్లు ముందు గుమ్మం మెట్టు రాయితో రుద్ది తెల్లగా చేసేవారు. మెట్టు మురికిగా ఉంటే ఇల్లాలికి తలవంపులు. డెబ్భై దాటినా ఆమె ఒంట్లోంచి ఆ భయం పోలేదు.

"శుభ్రమా నాయనా? అది చేసింది నేను. తెల్లారకముందే బస్సెక్కొచ్చి, ఇది బిడ్డతో పోగానే, ఇది నాకిచ్చిన తాళంచెవితో తీసి రుద్దాను. పెద్దమనుషులొస్తే నా కూతుర్ని మురికిదనుకుంటారని సిగ్గుపడ్డాను. నువ్వెలాగూ ఆ మాట అన్నావుగా, ఇంకెందుకు సిగ్గు! ఆ బీరువా వెనక్కి నా చెయ్యి దూరలేదు. లాగు."

"అంత అవసరం లేదండీ..."

"లాగవేం? నడుం పట్టేసిందా? లియాన్, నువ్వు రావే."

తల్లీకూతుళ్లు బీరువాని ఈడ్చారు. వెనక గోడ కింద నుంచి పై దాకా మసిగుడ్డలా ఉంది. గోడకి అంటించిన పాత కాగితం తడిసి, ఒక ముక్క బీరువాకే అతుక్కుని ఊడొచ్చింది. క్లైవ్ నేల చూపులు చూశాడు.

హోల్ట్ గోడ మీద అరచెయ్యి ఆనించి తీసింది. చెయ్యి తడిగా, నల్లగా వచ్చింది. "ఈ గది పిల్లలకి పనికొస్తుందని సంతకం పెట్టిందెవరు?"

ప్రెంటిస్ క్లైవ్ వైపు చూశాడు. హోల్ట్ మళ్లీ అడిగింది.

"నేనే" అన్నాడు ప్రెంటిస్. "గుమ్మంలోంచి చూశాను."

"ఆ మాట వచ్చే సమావేశంలో అందరి ముందూ చెప్పండి. పాపని మాత్రం ఇక్కడ ఉంచకండి."

వాళ్లు వెళ్లాక లియాన్ సంచి సర్దలేదు. ఇలాంటి మాటలు చాలా విన్నది. వేరే ఇంటి తాళంచెవి చేతికొచ్చాకే సర్దింది.

కొత్త ఇల్లు ఒక చేపల వేపుడు కొట్టు పైన రెండు గదులు. ఇదీ తాత్కాలికమే. టిల్లీ కోటు విప్పబోతే లియాన్ ఆపింది. గది మూలమూలా వాసన చూసింది. వేపుడు నూనె వాసన తప్ప ఇంకేమీ లేదు. బీరువా లాగి వెనక గోడకి చెంప ఆనించింది. పొడిగా ఉంది.

"ఇప్పుడు విప్పనా అమ్మా?"

"విప్పు."

డోరీన్ కింద గుమ్మం మెట్టు రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. లియాన్ బీరువాని వెనక్కి తోసింది. అయితే పూర్తిగా ఆనించలేదు. చెయ్యి దూరేంత సందు వదిలింది.