నలభై రెండు జతల చెప్పులు

ఖతార్‌లో ఒక కాలనీ జనాభాను ఒక్క సాయంత్రంలో అమాంతం పెంచేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

అల్ మన్సూరాలో ఇరుకు ఫ్లాటు వదిలి, అల్ ఖోర్ దగ్గర కంపెనీ కొత్తగా కట్టిన కాలనీకి మారాం. పద్నాలుగు ఇళ్ళు, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. స్కూలు బస్సు మాత్రం లేదు. ముప్పై మంది పిల్లలుంటే పంపిస్తామంది కంపెనీ. లెక్క తీసే పని నా మీద పడింది. స్టోర్స్‌లో పైపులు లెక్కపెట్టే ఉద్యోగం కదా, నాకన్నా అర్హుడెవరు?

ఆ వారమే మా అమ్మాయి లిల్లీ చేత పాఠం చదివించాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా జనం నగరాలు వదిలి శివార్లలో ఒకేలాంటి ఇళ్ళలోకి మారారట, ఇళ్ళనిండా పిల్లలు పుట్టారట. పాఠం లిల్లీకి ఎక్కలేదు, నాకెక్కింది.

శుక్రవారం సాయంత్రం కాగితం పట్టుకుని బయల్దేరాను. తలుపు కొట్టి ఇబ్బంది పెట్టడమెందుకని, గుమ్మాల ముందున్న చిన్న చెప్పులు లెక్కపెట్టాను. మొదటి ఇంటి ముందు ఏడు జతలు. రెండిళ్ళు దాటాక మళ్ళీ ఏడు. రంగులూ అవే. కాలనీకి ఉన్నది ఒక్క కొట్టే, అందరూ అక్కడే కొంటారనుకున్నాను. పెళ్ళయి నాలుగు నెలలు కూడా కాని జంట ఇంటి ముందూ ఏడే. మీకైతే అనుమానం వచ్చేది. నాకు అమెరికా గుర్తొచ్చింది.

మొత్తం నలభై రెండని రాసి, సంతకం పెట్టి పంపాను.

కొన్నాళ్ళకు ఓ ఉదయం యాభై సీట్ల బస్సు వచ్చింది. ఏడుగురు ఎక్కారు. డ్రైవర్ రాజన్నది జగిత్యాల వైపు.

"సార్, నలభై రెండు మందని జెప్పిండ్రు. మిగిలినోళ్ళేరి?" అన్నాడు.

"వస్తారు రాజన్నా, కాస్త ఆగు."

పది నిమిషాలు ఆగాడు. "ఎవ్వలు వస్తలేరు సార్. ఆఫీసుల నేనేం జెప్పాలె?"

బస్సెక్కి, "లిల్లీ, మిగతా పిల్లలేరమ్మా?" అన్నాను.

"మిగతా ఎవరు నాన్నా? మేం ఏడుగురమేగా."

"మరి ఆ శుక్రవారం ఆరిళ్ళ ముందు ఉన్న చెప్పులు?"

"మావే. ఒకింట్లో జంతికలు తిని ఇంకో ఇంటికి వెళ్ళాం. నువ్వు మా వెనకాలే వస్తుంటే, నీకూ ఆకలేస్తోందేమో అనుకున్నాం."

రాజన్న స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వాడు. "యల్లా సార్," అని అరబ్బీలో తొందరపెట్టాడు. "ఇగ దిగుండ్రి. స్కూలుకు టైమైతుంది."

ఆఫీసుకు క్షమాపణ పత్రం రాసుకున్నాను. వాళ్ళు ఎంత నవ్వుకున్నారో గానీ, బస్సు తీసేసి పిల్లలకు చిన్న వ్యాను ఇచ్చారు.

ఇకమీదట తలకాయ కంటబడనిదే ఏ మనిషినీ లెక్కలోకి తీసుకోనని, చెప్పులు ఎన్ని చెప్పినా నమ్మనని, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.