తమానాకు దారి

ఒనొటోవా దీవిలో బిరిబో పేరు తెలియని పడవవాడు లేడు. మీసం మొలవక ముందే తండ్రితో బేరూ దీవికి తెరచాప కట్టి వెళ్ళినవాడు. ఊరి పెద్ద సభా పాకలో పడుకోబెట్టి, పైకప్పు వాసాలనే ఆకాశంగా చూపించి, ఏ నక్షత్రం ఏ దూలం దగ్గర పొడుస్తుందో తాత నేర్పితే, ఒక్క వర్షాకాలంలో మొత్తం అప్పజెప్పినవాడు. గాలివానలో దారి తప్పిన నికునావు దీవి వాళ్ళ పడవను వెతికి తెచ్చినవాడు. తన పడవ ఎప్పుడూ వెనక్కి తిరగలేదని సభలో చెప్పేవాడు. అది గొప్ప కాదు, నిజమే.

అలాంటి బిరిబో భార్య తెరైతి తమానా దీవిలో ఉండిపోయింది. కూతురి పురుటికని వెళ్ళింది. పసివాడు పాకుతున్నాడని, ఇక ఇంటికి వస్తానని కబురు పెట్టింది. కొబ్బరి ఎక్కించుకునే మోటారు పడవ నెలకోసారి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఎక్కితే అయిపోయేది. బిరిబో ఒప్పుకోలేదు. తన భార్య కొబ్బరి మూటల మధ్య కూర్చుని వస్తే ఊళ్ళో తలెత్తుకోవడం ఎలాగన్నాడు. తానే తన పడవలో తెస్తానని మాట పంపాడు. ఆమె ఆగింది. ఇంతలో పడవ ఒరిగిపోకుండా పక్కన కట్టే తెప్ప పగిలింది. అది బాగయ్యేసరికి కృత్తికలు సాయంత్రాలు తూర్పున పైకి వచ్చాయి. అంటే పడమటి గాలుల కాలం. ఆ రోజుల్లో ఆ దీవుల్లో తెలిసినవాడెవడూ దూరం పోడు.

బిరిబో ఆగలేకపోయాడు. కల్లు గీయడానికి చెట్టెక్కితే అలవాటుగా పాట ఎత్తుకునేవాడు, సగంలో ఆపేసేవాడు. కింద నుంచి తప్పు పట్టే మనిషి లేకపోతే పాట రుచించలేదు. చాప మీద ఆమె పడుకునే వైపు తడుముకోవడం అలవాటైంది. ఒక రోజు పొద్దున తీరాన నిలబడి, తెల్ల పిట్టలు దక్షిణం వైపు పోవడం చూశాడు. తూర్పు గాలి మళ్ళీ మొదలవుతోందని, ఇక బయల్దేరవచ్చని తేల్చేశాడు.

అతని అక్క కౌరా, చేపలు శుభ్రం చేస్తూ ఆ మాట వింది. రాత్రి పడమటి గట్టు మీద అలల హోరు తనకు వినబడిందని చెప్పింది. పోటు వేళ అలాగే ఉంటుందని బిరిబో కొట్టిపారేశాడు.

"ఒరే, నీకు పోటు హోరేదో, గాలి హోరేదో తెలీదా? ఊరందరికీ నేర్పినవాడివి," అంది ఆమె.

"తెలుసు కాబట్టే చెబుతున్నానక్కా."

"నువ్వు చెప్పట్లేదు, నీ ఒంటరితనం చెబుతోంది. ఇంకొకడెవడైనా ఈ హోరు విని బయల్దేరతానంటే, వాడి తెరచాప లాక్కుని ఇంటికి తోలేవాడివి."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. గుచ్చుకుంది కాబట్టే ఆ మధ్యాహ్నమే బయల్దేరాడు. తన దగ్గర దారి నేర్చుకున్న నబూతిని వెంట తీసుకున్నాడు. నబూతి ఆకాశం వంక ఒకసారి, గురువు వంక ఒకసారి చూసి పడవెక్కాడు.

దీవిలోని కొబ్బరి చెట్ల తలలు కనుమరుగయ్యేదాకా తూర్పు గాలి బాగానే లాగింది. బిరిబో తమానా ఇల్లు, గుమ్మం ముందు ఆమె, ఆమె అనబోయే మాట అన్నీ ముందే చూసుకుంటున్నాడు. అంతలో గాలి ఆగింది. పడమట నీళ్ళు నల్లబడ్డాయి. ముందుకు పోతే పడవ దక్కదు. ఎంతోమందికి తాను చెప్పిన పాఠమే అది. చుక్కాని తెడ్డు వెనక్కి తిప్పమని నబూతికి చెప్పి, తెరచాప తాడు తానే అందుకున్నాడు.

తడిసి ముద్దై ఒడ్డు చేరాక, తెరచాప మడుస్తూ అడిగాడు. "నీకు ముందే తెలుసు కదరా?"

"తెలుసు మావా."

"మరి చెప్పలేదేం?"

"గాలి గురించి అడిగుంటే చెప్పేవాణ్ణి. మీరు అత్త గురించి మాట్లాడారు. దానికి నేనేం అడ్డు చెప్పను?"

బిరిబో మడిచిన తెరచాప భుజానికెత్తుకుని ఇంటికి నడిచాడు. గాలి మళ్ళీ తిరగాలంటే నెలలు పడుతుంది. ఇన్నాళ్ళు ఆమెను అక్కడ కట్టేసింది పడమటి గాలి కాదని, తానన్న మాటేనని ఆ రాత్రి అతనికి బోధపడింది.

మోటారు పడవ వచ్చిన రోజున బిరిబో చాప చుట్ట చంకన పెట్టుకుని తీరానికి నడిచాడు. అందరూ చూశారు. నువ్వు కూడా మూటల్లో మూటవయ్యావా అని ఎవరో వెనక నుంచి ఎగతాళి చేశారు. అతను వెనక్కి తిరగలేదు. ఎండు కొబ్బరి సంచుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. ఆ వాసనకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మోటారు మోతలో అలల చప్పుడు వినబడదు, పడవ ఊగే తీరును బట్టి దారి తెలియదు. తెరైతి తమానా తీరానికి వస్తుందో రాదో, వస్తే ఏమంటుందో అదీ తెలియదు.

కాసేపటికి, తాడు చుడుతున్న కుర్ర పడవవాడి మోచేయి పట్టుకుని అడిగాడు.

"ఇంకా ఎంతసేపు బాబూ?"