లింగ్‌జీ పొడిలో బియ్యప్పిండి

రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, ఒక అక్టోబరులో, మోరిస్‌విల్‌లోని మా టెస్టింగ్ ల్యాబ్‌లో నన్ను మూలికల విభాగానికి సీనియర్ ఎనలిస్ట్‌గా వేశారు. అంతకుముందు పదకొండేళ్ళూ మాత్రలు పరీక్షించినదాన్ని. మాత్రలతో పెద్దగా పేచీ ఉండదు. వేళ్ళు, బెరళ్ళు, పుట్టగొడుగులు మాత్రం ఒక్కో సంచీ ఒక్కో రకంగా సతాయించేవి. వారం తిరక్కుండానే నాకు వాటి మీద మనసు పడింది.

కంపెనీలు తాము కొన్న సరుకులోంచి కొంత మాకు పంపుతాయి. ఒక పంటలో ఒకేసారి వచ్చిన సరుకును లాట్ అంటాం. లేబుల్ మీద ఉన్నదే సంచీలో ఉందా అన్నది తేల్చి పాస్ అనో ఫెయిల్ అనో రాయడం మా పని. చైనా వైద్యులు కషాయాలలో వాడే లింగ్‌జీ కూడా మా దగ్గరికి వచ్చేది. అది ఎర్రగా, వార్నిష్ పూసినట్టు మెరుస్తూ, చెక్కంత గట్టిగా ఉండే పుట్టగొడుగు. కొందరు దాన్ని దుంగల మీద పెంచే ఓపిక లేక, బియ్యం మీద దాని బూజు పెంచి, బియ్యంతో సహా ఎండబెట్టి ముక్కలుగానో పొడిగానో అమ్మేస్తారు. పుట్టగొడుగులో పిండిపదార్థం ఉండదు, బియ్యంలో ఉంటుంది; అయోడిన్ తగిలితే అది నీలంగా మారుతుంది. అందుకని వచ్చిన సరుకును మా మిల్లులో పొడి చేసి, ఒక చుక్క అయోడిన్ వేసి మైక్రోస్కోపులో చూస్తాం. నీలం రేణువులు కనిపిస్తే మోసం బయటపడినట్టే.

మిసెస్ లిన్ లాట్‌లో నీలం రేణువులు కనిపించాయి. డెబ్బై ఏళ్ళు దాటిన ఆవిడ మా రాష్ట్రం పడమటి కొండల్లో ఓక్ దుంగల మీద లింగ్‌జీ పెంచేది. ఒక టీ కంపెనీ మొదటిసారి ఆవిడ సరుకు తీసుకుని మాకు పంపింది. రెండోసారి చూసినా నీలమే. ఫెయిల్ అని రాసి సంతకం పెట్టాను. నా పని సరిచూసే సుధీర్ రెండో సంతకం పెట్టాడు. దొంగను పట్టుకున్నానని కాస్త మురిసిపోయాను కూడా.

తర్వాతి సోమవారం ఆవిడే నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చింది. ఒక పెద్ద లింగ్‌జీని బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాననీ, తన దగ్గర బియ్యం ఉండేది వంటింట్లో మాత్రమేననీ, మోసగత్తె సరుకు ఇక వద్దని కంపెనీ చెప్పేసిందనీ గొంతు పెంచకుండా చెప్పింది. తన ఎదుటే కోసి చూడమంది.

బయటినుంచి తెచ్చింది పరీక్షకు చెల్లదు. అయితే అదే లాట్‌లో పొడి చేయని ముక్కలు కొన్ని మా స్టోర్‌లో సీలు వేసి ఉన్నాయి. మేనేజర్ డేవిడ్ అనుమతి తీసుకుని ఒకటి తెప్పించాను. బ్లేడుతో పల్చగా కోసి చూస్తే నీలం లేదు. మిగిలిన ముక్కను మిల్లులో వేసి పొడి చేసి చూశాను. నీలం.

కోసిన ముక్కకీ పొడికీ మధ్య ఉన్న తేడా మిల్లు ఒక్కటే. అప్పుడు గుర్తొచ్చింది. లింగ్‌జీకి ముందు ఆ మిల్లులో పసుపు కొమ్ములు ఆడించాను. పద్ధతి ప్రకారం బ్రష్షు, నీళ్ళు, ఆల్కహాల్ అన్నీ అయినా పసుపు వదల్లేదు. ఇంట్లో మిక్సీకి చేసినట్టే, నా లంచ్ బ్యాగ్‌లో ఉన్న పిడికెడు సోనా మసూరి వేసి తిప్పాను. సాయంత్రం కుక్కర్ పెట్టుకోమని స్నేహితురాలు ఇచ్చిన బియ్యం అవి. మిల్లు తళతళలాడింది. పిండి మాత్రం బ్లేడు కింది రబ్బరు రింగులో దాక్కుంది. "మిల్లు శుభ్రం" అన్న గడిలో నా పొడి అక్షరాలే ఉన్నాయి.

నాకు చచ్చేంత సిగ్గేసింది.

సుధీర్ నన్ను పక్కకి తీసుకెళ్ళాడు. "రీటెస్ట్ చేసి పాస్ అని పంపేద్దాం మేడమ్. డీవియేషన్ ఓపెన్ చేస్తే మీ రికార్డ్‌లో పడుతుంది."

డీవియేషన్ అంటే, పద్ధతి ఎక్కడ తప్పామో మన పేరుతో మనమే రాసుకునే కాగితం.

"పాస్ అని పంపితే, రెండోసారి ఎందుకు పాసైందని కంపెనీ అడగదా? ఆవిడే ఏదో సర్దిందనుకుంటారు బాబూ," అన్నాను.

రాశాను. ఆ మిల్లులో తర్వాత ఆడించిన శాంపిళ్ళన్నీ మళ్ళీ పరీక్షించాల్సి వచ్చింది. మూడు నెలలు నాకు సంతకం పెట్టే అధికారం తీసేశారు. డేవిడ్ కోప్పడలేదు గానీ, మా ఇంటి కిచెన్‌లో ఇంకేమేం పద్ధతులున్నాయని మాత్రం అడిగాడు. ఆ మనిషి నాకు నచ్చింది అప్పటి నుంచే.

మిసెస్ లిన్‌కు మాత్రం ఆ రోజే, ఆ గదిలోనే చెప్పాను. ఆవిడ నా చేతులకేసి చూసి, వాళ్ళ అమ్మ కూడా మసాలా మిల్లును బియ్యంతోనే కడిగేదని చెప్పింది. మెత్తబడిందనుకున్నాను. వెంటనే, తప్పు ల్యాబ్‌దేనని కంపెనీకి ఉత్తరం వెళ్ళేదాకా కుర్చీలోంచి లేవనంది. డేవిడ్ ఉత్తరం పంపి కాపీ చేతిలో పెట్టాక, రెండుసార్లు చదువుకుని లేచింది. వారం తర్వాత శుభ్రం చేసిన మిల్లులో వేరే ఎనలిస్ట్ చేసిన పరీక్షలో లాట్ పాసైంది. కంపెనీ సరుకు తీసుకుంది.

ఆవిడ బల్ల మీద వదిలి వెళ్ళిన లింగ్‌జీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మా వారు ఒక ముక్క మరిగించి తాగి, కాకరకాయే నయమన్నారు.

ల్యాబ్‌లో మిల్లు శుభ్రం చేసే పద్ధతిలో ఆ ఏడాది ఒక వాక్యం కొత్తగా చేరింది: ఎటువంటి ధాన్యమూ వాడరాదు. దాన్ని రాసింది నేనే. సరుకులో తప్పు కనిపిస్తే ముందు నా మిల్లు విప్పి చూడాలని, కాగితంలో లేని పని ఎంత మంచిదైనా చేయకూడదని ఆ లాట్ వల్ల తెలుసుకున్నాను. రిటైర్ అయ్యేదాకా మళ్ళీ ఎవరి సరుకూ ఫెయిల్ చేయలేదని కాదు, చాలా చేశాను. రబ్బరు రింగు తీసి చూశాకే చేశాను.