చెవితో దిద్దే ప్రూఫులు

మా వీధి మలుపులో, మెట్ల కింది గదిలో ఆలుమగలిద్దరూ డీటీపీ పని చేస్తారు. ఆవిడ టైపు చేస్తుంది, ఆయన ప్రూఫులు దిద్దుతాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ గది ముందునుంచి వెళ్ళినవాళ్ళందరికీ కీబోర్డు చప్పుడే వినిపించింది గనక వీధి మొత్తానికీ ఆవిడ టకటకమ్మ అయింది. ఆయన ప్రూఫులాయన. పాఠాల పుస్తకమైనా నీటి సరఫరా నోటీసైనా ఆయన ఎర్రకలం తగలకుండా గది దాటేది కాదు.

రెండేళ్ళ కిందట ఆయన చూపు పోయింది. ముందు అక్షరాలు అలుక్కుపోయాయి, ఆ తర్వాత కాగితమే కనిపించకుండా పోయింది. అయినా జేబులోంచి ఎర్రకలం తీసెయ్యలేదు. టకటకమ్మ చదివి వినిపిస్తుంటే తప్పులు చెప్పేవాడు గానీ, ఎవరు టైపు చేసింది వాళ్ళే చదివితే తప్పులు నోట్లోనే సర్దుకుపోతాయి. రెండు పుస్తకాలు వెనక్కి వచ్చాయి.

"ప్రూఫులకి ఇంకో మనిషిని చూసుకోవే. నేనిక పనికిరాను" అన్నాడాయన ఒకరోజు. నేను అప్పుడు గుమ్మంలోనే ఉన్నాను. గుమ్మంలో నాకేం పని అంటే, ఉప్పు అడగడానికి వెళ్ళాను. అడగడం మర్చిపోయాను.

ఆ వారమే ఆయన స్నేహితుడొకడు వచ్చాడు. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేస్తాడు, పుట్టుకతోనే చూపులేదు. కంప్యూటరు ముందు కూర్చుని, మౌసు పక్కకి నెట్టేసి, తెర మీదున్నదంతా పైకి చదివే సాఫ్ట్‌వేరు ఒకటి ఎక్కించాడు. టకటకమ్మ మూడో తరగతి పాఠమొకటి తెరిచింది. మేం నలుగురం చెవులు రిక్కించాం.

"డాలర్. బ్రాకెట్. ఎక్స్. స్టార్. స్టార్. కామా" అంది కంప్యూటరు ఆడగొంతుతో.

"దీనికి జ్వరమొచ్చిందా ఏమిటి?" అన్నాను.

ఆపరేటరు నవ్వాడు. "లేదమ్మా, ఉన్నదే చదువుతోంది. మీకు కనిపించేవి అక్షరాల బొమ్మలు. లోపలున్నవి డాలర్లూ స్టార్లే. వీళ్ళు కొన్న కంపెనీ ఫాంటు వాటికి మన అక్షరాల ముసుగు తొడిగింది. ఫాంటు లేని కంప్యూటర్లో ముసుగు జారిపోతుంది."

"అందుకేనా మా కోడలికి పంపిన నోటీసు పురుగులు పాకినట్టు కనిపించింది?"

"అందుకే. మా చెల్లెమ్మ ఇరవై రెండేళ్ళ పనీ ఆ ముసుగులోనే ఉంది."

టకటకమ్మ మొహం చిన్నబోయింది. కంప్యూటరు వెనక బొటనవేలంత పరికరం ఒకటుంది. అది గుచ్చి ఉంటేనే ఆ ఫాంటున్న టైపింగు ప్యాకేజీ తెరుచుకుంటుంది. అమ్మిన కంపెనీ మూతపడి ఆరేళ్ళయింది. ఇల్లు ఊడ్చేటప్పుడల్లా దానికి చీపురు తగలకుండా ఆవిడ ఎంత జాగ్రత్త పడేదో నాకు తెలుసు.

"యూనికోడ్‌లో టైపు చెయ్యి చెల్లెమ్మా. అందులో లోపలున్నవీ మన అక్షరాలే, అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఏ కంప్యూటరైనా చూపిస్తుంది, ఇది పైకి చదువుతుంది. రాసుకునే సాఫ్ట్‌వేరు కూడా ఊరికే దొరుకుతుంది. కావాలంటే విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు."

"ఊరికే ఇచ్చేదాన్లో ఏదో మెలిక ఉంటుందన్నయ్యా."

"డబ్బిచ్చి కొన్నదాన్లో మెలిక ఎక్కడుందో ఇప్పుడే విన్నావుగా."

అయినా ఆవిడ చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. "నా వేళ్ళకి పాత కీబోర్డే వచ్చు. ఈ వయసులో మళ్ళీ ఓనమాలు దిద్దమంటావా?"

ప్రూఫులాయన జేబులో కలం సరిచేసుకున్నాడంతే.

"ఆ బెంగేం వద్దు. నీలాంటి పాత టైపిస్టే ఎవరో, ఆ కీబోర్డు అమరికనే యూనికోడ్‌కి తయారుచేసి అందరికోసం పెట్టారు. విప్పి మార్చుకోనిచ్చారు గనక చెయ్యగలిగారు" అంటూ ఆపరేటరు దాన్ని కూడా ఎక్కించాడు.

ఆవిడ నమ్మీ నమ్మనట్టు ఒక వాక్యం కొట్టింది. వేళ్ళకి తేడా తెలియలేదు. కంప్యూటరు ముక్కుతో చదివింది: "ప్రూఫులు సిద్ధం, వచ్చి చూడండి."

ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల పట్టుకుంటూ వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

మర్నాడు అదే పాఠం ఆవిడ యూనికోడ్‌లో మళ్ళీ కొట్టింది. ఆయన వింటూ వింటూ చెయ్యెత్తాడు. "ఆపు. ఈ వాక్యం రెండుసార్లు వచ్చింది."

"రాలేదు. మూడుసార్లు చదివాను."

"చూడవే."

ప్రూఫు కాగితంలో చూస్తే వచ్చింది. ఆయన జేబులోంచి కలం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "కొట్టెయ్" అన్నాడు. అలా అనడం విని ఎన్నాళ్ళయిందో.

తర్వాత ఆపరేటరు పాత ఫైళ్ళని కొత్త అక్షరాల్లోకి మార్చే దారి కూడా చూపించాడు. మార్పిడిలో అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి, ఎవరో ఒకరు కూర్చుని మొదట్నుంచీ సరిచూడాల్సిందే. ఆ సంగతి అతను మొహమాటపడుతూ చెప్పాడు. ప్రూఫులాయన మాత్రం సంబరంగా విన్నాడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆయన వింటాడు, ఆవిడ దిద్దుతుంది. నిన్న ఉప్పు గిన్నెతోనే వెళ్ళాను. ఎంతవరకు వచ్చింది, ఇప్పుడు ఏ పుస్తకం, ఇంకా ఎన్ని ఉన్నాయి అని అడుగుతూనే ఉన్నాను.

"అక్కయ్యగారూ, ఒక్క నిమిషం" అన్నాడాయన చెవి కంప్యూటరు వైపు పెట్టి. "ఇక్కడ ఇంకొకావిడ మాట్లాడుతోంది."