పెరిగిన నల్లపూసలు

మొన్న మా కోడలు హైదరాబాదు నుంచి ఫోనులో ఒక ఫోటో పంపి, దాని కింద నల్లపూసలు తెగిపోయాయి, ఈసారి వచ్చినప్పుడు బాగుచేసి పెట్టండి మావయ్యగారూ అని రాసింది. వస్తువు పాడైనందుకు కాదు, ఆ మాటకు నా ప్రాణం ఉసూరుమంది. మన ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, నల్లపూసలు మనకెప్పుడూ తెగవు, పెరుగుతాయి. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. చెడ్డమాట నోటితో అంటే ఆ చెడు జరిగి కూర్చుంటుందని మన పెద్దవాళ్ళు మాటనే తిప్పి పెట్టారు, మనమూ ఎదురడగకుండా అలాగే పలికాం. ఆ మర్యాద పాటించబోయి పదేళ్ళ కిందట నేనొక ఆడపిల్ల బతుకుతెరువుకే ఎసరు పెట్టబోయాను.

అప్పటికి నేను బస్సు కండక్టరుగా రిటైరై రామచంద్రపురంలో ఇంటిపట్టున ఉంటున్నాను. ముప్పై ఏళ్ళు టిక్కెట్లు చింపిన వేళ్ళు ఊరుకోక, కనిపించిన కాగితమల్లా చింపుతుంటే మా ఆవిడ విసుక్కుని నన్ను వీధి వసారాలోకి తోలేసింది. ఆ వసారాలోనే మా మేనకోడలు నగల తయారీ క్లాసు పెట్టింది. మా చెల్లెలి కూతురు. తండ్రి ఉద్యోగం మూలాన నాగపూరులో పుట్టి పెరిగి, పూనాలో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ, అది కాస్తా మానేసి, బంగారంతో పని లేకుండా రాగితీగ, వెండిరేకు, మట్టిపూసలతో కొత్తరకం నగలు చేసి నలుగురికీ నేర్పుతానని మా ఇంటికి వచ్చేసింది. మొదటి ఆర్డరు తిన్నగా కుదరకపోతే మర్నాడే రైలెక్కి పాత ఉద్యోగానికి వెళ్ళిపోవాలని మా చెల్లెలు కూతురి చేత ఒట్టు వేయించుకుంది.

క్లాసులో నాతో కలిపి ముగ్గురం. ఎదురింటి కిరాణా వర్తకుడి భార్యను నేను చెల్లెమ్మా అని పిలిచేవాణ్ణి. బీరువా నిండా బంగారం ఉన్న ఆ ఇల్లాలికి మట్టిపూసల మీద ఎందుకు మనసైందో ఆవిడ భర్తకు నేటికీ అర్థం కాలేదు. ఇంకొకరు యానాం వైపు నుంచి చేపలు తెచ్చి అమ్మే అక్క. ఆవిడ గంప సీటు కింద పెట్టాలా, టాపు మీద పెట్టాలా అని నా బస్సులో ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాం, వసారాలోనూ ఆ పోట్లాట మానలేదు. నేను పట్టకారు పడితే తీగ వానపాములా వంకర్లు పోయేది. ఆవిడవి వల అల్లిన వేళ్ళు, ముడి వేస్తే విప్పడం ఎవరి తరమూ కాదు.

చెల్లెమ్మ తన కూతురి పెళ్ళిలో వేసుకోవడానికని, పొట్ట మీదికి వేలాడే పొడుగు నల్లపూసలు, అడుగున వెండితో చేసిన కొబ్బరాకు ఉండేలా మా మేనకోడలి చేత చేయించుకుంది. ఆ పిల్లకు అదే మొదటి ఆర్డరు. పెళ్ళి ముందురోజు పొద్దున్నే చెల్లెమ్మ వచ్చి నగ డబ్బా నా చేతికిచ్చి, గొంతు తగ్గించి, "నల్లపూసలు పెరిగాయి అన్నయ్యగారూ, పూసలు జారిపోకుండా ముడేశాను, అమ్మాయిని కాస్త చూడమనండి" అంది. నేను డబ్బా పిల్లకందించి, నల్లపూసలు పెరిగాయట, ముడి దగ్గర చూసుకోమ్మా అని చెప్పి, ద్రాక్షారామంలో ఏదో పనుందని బస్సెక్కేశాను. నాగపూరు పిల్లకు ఆ మాట తెలియదేమోనన్న ఆలోచనే నాకు తట్టలేదు.

మర్నాడు కళ్యాణమండపంలో, ముహూర్తం ఇంకా గంట ఉందనగా, చెల్లెమ్మ పట్టుచీరతో వచ్చి, మా మేనకోడలు తెచ్చిన డబ్బా తెరిచి మెడలో వేసుకుంటే, పొట్ట మీదికి రావలసినవి గొంతును పట్టేశాయి, వెండి కొబ్బరాకు గడ్డం కింద గుచ్చుకుంది. ఆవిడ తెల్లబోయి నా వైపు తిరిగి, "పెరిగాయని చెప్పలేదా అన్నయ్యగారూ?" అంది. నేను నోరు విప్పేలోపే మా మేనకోడలు ఎంతో వినయంగా, "చెప్పారు ఆంటీ, ముడి కొలతకు గుర్తనుకుని, కొక్కెం నుంచి ముడి దాకా తీసేసి, రెండో పక్క కూడా సమానంగా తగ్గించాను" అంది.

పెరగడమంటే తెగడమని ఆ పిల్లకు విడమరిచి చెప్పే భారం నా మీద పడింది. పెళ్ళి ఇంట ముత్తయిదువ ఎదుట ఆ మాట అనలేక, చెవి దగ్గరికి వంగి గుసగుసలాడాను. "మరి ఆ మాటే చెప్పచ్చు కదా మావయ్యా" అని పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అవతల, కూతురి మొదటి ఆర్డరు ఎలా కుదిరిందో చూడాలని నాగపూరు నుంచి వచ్చిన మా చెల్లెలు మొదటి వరుసలో కూర్చుని ఉంది, పురోహితుడు పెళ్ళికూతురి తల్లిని రమ్మని కేకలేస్తున్నాడు, నాకు మాత్రం భూమిలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది.

పెళ్ళికి వచ్చిన అక్క అప్పుడు చెంగు బిగించింది. "వల చిరిగితే పడవలోనే కట్టుకుంటాం, ఇదెంతండీ కండక్టరుగారూ, పూసలందించండి" అంటూ మమ్మల్నిద్దరినీ కూరలు తరిగే గదిలోకి లాక్కుపోయింది. తీసేసిన పూసలు పిల్ల సంచీలోనే భద్రంగా ఉన్నాయి. అక్క నల్లదారం తీసుకుని, ముడికొక పూస చొప్పున, రెండు పక్కలా వలకన్నులు వలకన్నులుగా అల్లుకుంటూ పోయింది. నా చెయ్యి కాస్త ఆలస్యమైతే, "ఇక్కడే దింపేస్తాను" అని ఎన్నో ఏళ్ళ కసి తీర్చుకుంది.

ముహూర్తం వేళకు చెల్లెమ్మ పీటల దగ్గరికి వెళ్ళింది. భోజనాలయ్యేసరికి ముగ్గురు ఆడవాళ్ళు మా మేనకోడలిని చుట్టుముట్టి అలాంటివే కావాలన్నారు. ముగ్గురికీ ఆ వల పనే నచ్చింది, పిల్ల నెలరోజులు కష్టపడి చేసిన వెండి కొబ్బరాకును ఒక్కరూ చూడలేదు. మా చెల్లెలు ఒట్టు ఊసు మళ్ళీ ఎత్తలేదు. అది మొదలు మా మేనకోడలు మాత్రం, తీగ నిండుకుందని నేనంటే ఉన్నట్టా లేనట్టా అని రెండుసార్లు అడిగేది.

ఇప్పుడు ఆమె క్లాసు రాజమండ్రిలో నడుస్తోంది. పళ్ళ డాక్టరు, లెక్కల టీచరు, పోలవరం నుంచి వచ్చే ఇంజనీరు, ఇలా ఎవరెవరో వచ్చి నేర్చుకుంటున్నారు. అక్క పోయింది, ఆ ముడి ఇప్పటికీ నాకు పట్టుబడలేదు. నేను వెళితే అందరూ లేచి కుర్చీ వేస్తారు, నేనేదైనా చెబితే మర్యాదగా తలూపి, ఆనక ఫోనులో సరిచూసుకుంటారు. అది తప్పని నేననను. కానీ మావయ్య చెప్పాడు కదా అని, మారు ప్రశ్న వేయకుండా, తన మొదటి పనిని తన చేతులతోనే కత్తిరించుకున్న ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటే కళ్ళు చెమరుస్తాయి. నా మాటను అంతగా నమ్మినవాళ్ళు మళ్ళీ నాకెవరూ దొరకలేదు.