ఎండపొడకు పోటీ వచ్చిన పెట్టె

దుమ్మును లెక్కగట్టే యంత్రాన్ని లోకంలో మొట్టమొదట కనిపెట్టింది మా అవ్వ కృష్ణమ్మ. నమ్మకపోతే మార్కాపురం పోయి, ఆమె పనిచేసే పలకల షెడ్డు రేకుకున్న చిల్లును అడగండి.

ఆ చిల్లులోంచి పదకొండింటికి ఎండపొడ సూటిగా దిగుతుంది. రాయి కోసే మిషన్ పక్కన కూర్చుని పలకలు నునుపు చేసే అవ్వ, ఆ వెలుగులో ఎగిరే దుమ్మును చూస్తుంది. పొడకు అవతల కూర్చుని పలకలు రుద్దే భ్రమరాంబ ముక్కుపుడక కనిపిస్తే పని సాగుతుంది. కనిపించకపోతే అవ్వ చెయ్యెత్తుతుంది, మిషన్ కాసేపు ఆగుతుంది. ఇరవై ఏళ్ళుగా షెడ్డులో అదే చట్టం.

మొన్న ఎండాకాలం లాస్య అనే ఇంజనీరమ్మాయి టిఫిన్ డబ్బా అంత పెట్టె తెచ్చింది. అది గాలిని పీల్చుకుంటుంది. లోపలి సన్నటి వెలుగులో ఒక్కో నలుసూ మెరిసినప్పుడల్లా, అదెంత పెద్దదో చూసి లెక్క వేసుకుంటుంది. కంటికి ఆనని నలుసులే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయట, వాటినీ పట్టుకుంటుందట. పెట్టె చూపే అంకె హద్దు దాటితే దుమ్ము లాగే గొట్టం పెట్టిస్తానని ఓనరు రామ్‌ప్రసాద్ ఒప్పుకున్నాడు.

అంతా బాగానే ఉంది. పెట్టెను మాత్రం భ్రమరాంబ పక్కన పెట్టారు.

ఇక షెడ్డంతా ఆమెనే అడగడం, ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని మరీ అంకె చదవడం. అవ్వ చెయ్యెత్తితే మిషన్ నడిపే అంకన్న ముందు పెట్టె వైపు చూశాడు. రోజూ భ్రమరాంబతో పంచుకునే గోంగూర పచ్చడి ఆ పూట మూత తీయకుండానే ఇంటికొచ్చింది.

మర్నాడు లాస్య వచ్చి అంకె రాసుకునే రోజు. అవ్వ అందరికంటే ముందే పోయి, భ్రమరాంబ చోటు చుట్టూ కళ్ళాపి చల్లినట్టు రెండు బిందెల నీళ్ళు చల్లింది. దుమ్ము అణిగింది. అంకె పడిపోయింది. భ్రమరాంబ మొహం చిన్నబోయింది, అవ్వకు కడుపు చల్లబడింది.

అంతలో ఓనరు వచ్చి అంకె చూశాడు. ఇంత తక్కువుంటే గొట్టమెందుకన్నాడు. లాస్య పెట్టె సర్దబోయింది.

అవ్వ లేచి నిలబడింది. "ఆ నీళ్ళు చల్లింది నేనేలేమ్మా. దాన్ని తెచ్చి నా కాడ పెట్టు."

భ్రమరాంబ ఏమందో ఇక్కడ రాయలేను. పెట్టె అవ్వ పక్కకు చేరింది. సాయంత్రానికి అంకె హద్దుకు మూడింతలు. వారంలో గొట్టం బిగించారు. తన అంకే పెద్దదని అవ్వ నెలరోజులు చెప్పుకుని తిరిగింది.

ఇదంతా రాసి అవ్వకు చదివి వినిపించి, పోయి పోయి ఒక పెట్టె మీద కుళ్ళుకున్నావు గదే అవ్వా అన్నాను.

"కుళ్ళుకోక ఏం జేయాల? ఇరవై ఏండ్లు నేను చెయ్యెత్తితే ఓనరు మిషన్ ఆపనిచ్చినాడే గాని గొట్టం పెట్టినాడా? ఆ పెట్టె అంకె చూసి వారానికే పెట్టినాడు. పది తప్పినోడివి, అది గూడా రాసుకో."