విభూది బుధవారం నాటి పాఠం

తిరువూరులోని ఒక క్రైస్తవ ప్రైవేటు పాఠశాలలో బాలశౌరి తొమ్మిదేళ్లుగా సైన్సు చెబుతున్నాడు. పెనుగొలను కూలివాడలో పలక పట్టిన మొదటివాడతడు. ఆ ఉద్యోగం తప్ప అతనికి మరో ఆధారం లేదు.

1974, విభూది బుధవారం, క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే రోజు. పొద్దున గుడిలో నుదుట పెట్టిన బూడిదతోనే పదో తరగతికి వెళ్లాడు. విశ్వం వ్యాకోచిస్తోందనీ, ఒకనాడు ముడుచుకుపోయి మళ్లీ విచ్చుకోవచ్చుననీ కొందరు శాస్త్రజ్ఞులు ఊహిస్తున్నారని చెప్పాడు. పిల్లలకు ఎక్కలేదు. నుదురు చూపించాడు.

"నిరుడు మ్రానికొమ్మల ఆదివారం మీరు గుడి ఊరేగింపులో పట్టుకు తిరిగిన ఆకులేరా ఇవి. కాలిస్తే బూడిదయ్యాయి. చెట్టు మళ్లీ చిగిర్చింది. విశ్వమూ అలాంటిదేమో."

"అయితే అప్పుడూ మా అమ్మ మిరపకాయల కోతకేనా అండి?" అంది జ్ఞానమణి. తరగతి గొల్లుమంది.

బాలశౌరి నవ్వలేదు. "ఇదే లోకం తిరిగొస్తుందనడానికి రుజువు లేదమ్మా. వేరే లోకం రావచ్చు. అసలేదీ రాకపోవచ్చు."

మర్నాడు పాఠశాల నడిపే కరస్పాండెంటు జోజప్ప పిలిపించాడు. "ఏంటయ్యా, బూడిద పెట్టించుకుని మరీ పునర్జన్మ బోధిస్తున్నావంట? గుడిలో మతబోధ చేసే ఉపదేశిగారు మండిపడుతున్నారు."

"పునర్జన్మ కాదండి, విశ్వం గురించి ఒక ఊహ. ఆరోపణేమిటో కాగితం మీద ఇప్పించండి, జవాబు రాస్తాను."

"మనలో మనకి కాగితాలేంటి? నీ కూతురికి జ్ఞానతండ్రిని నేను. తప్పయిందని రెండు ముక్కలు రాసియ్యి, సద్దుమణుగుద్ది."

జ్ఞానస్నానపు తొట్టి దగ్గర బిడ్డను ఎత్తుకున్న చేతులవి. ఆ చేతులను శంకించడం బాలశౌరికి తెలియదు. జోజప్ప చెప్పినట్టే రాశాడు: 'మన విశ్వాసానికి విరుద్ధంగా బోధించాను, క్షమించగలరు.' అతను బోధించనిదే అతని దస్తూరీలో నిలిచింది.

పదిహేనో రోజున ఉత్తర్వు వచ్చింది. నేరం స్వయంగా అంగీకరించినందున విచారణ అనవసరమట, తొలగించారు. అభియోగ పత్రం లేదు. సాక్షి లేడు. ఆ గదిలో ఆ రోజు ఏం చెప్పారని ఒక్క విద్యార్థినైనా అడిగినవాడు లేడు. సోమవారానికి అతని కుర్చీలో జోజప్ప మేనల్లుడు కూర్చున్నాడు.

"మీరు రాయమన్నారనే కదండీ రాశాను!" బాలశౌరి ఉత్తర్వును అతని బల్ల మీద పెట్టాడు.

"నేను చెబితే మాత్రం రాసింది నువ్వే కదయ్యా," అన్నాడు జోజప్ప, తల ఎత్తకుండానే.

భార్య అంతోనమ్మ పోరు పడలేక ప్లీడరు దగ్గరికి వెళ్లాడు. ఆయన, ఉత్తర్వుతో జతచేసిన క్షమాపణ పత్రం నకలు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీశాడు.

"సంతకం మీదేనా, మాస్టారూ?"

"నాదేనండి."

"బెదిరించారా? కొట్టారా?"

"లేదండి. కాఫీ ఇచ్చారు."

ప్లీడరు కాగితం మడిచి తిరిగిచ్చాడు. ఆ వేసవి నుంచి బాలశౌరి రెడ్డిగూడెం దగ్గర మామిడితోటకు కాపలా ఉంటున్నాడు.